మొదట సుద్దముక్క.. తర్వాతే కంప్యూటరు
బడుల్లోకి రానున్న గేమింగ్ ల్యాబుల్లో తొలి పాఠం ఏది?

మంచిర్యాల: కేంద్ర ప్రభుత్వం 2026 ఫిబ్రవరి 1న పార్లమెంటులో ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో ఒక చిన్న ప్రస్తావన ఉంది. దేశవ్యాప్తంగా 15,000 మాధ్యమిక పాఠశాలలు, 500 కళాశాలల్లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ రంగాలకు సంబంధించిన ల్యాబులు నెలకొల్పేందుకు ముంబయిలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్రియేటివ్ టెక్నాలజీస్‌కు చేయూతనిస్తామన్నది దాని సారాంశం. 2030 నాటికి ఈ రంగానికి 20 లక్షల మంది నిపుణులు అవసరమవుతారన్న అంచనా సైతం అదే ప్రసంగంలో వినిపించింది. పన్నుల లెక్కలు, రైల్వే కేటాయింపుల హోరులో ఈ మాట జిల్లాలో ఎవరి చెవినా పడలేదు. పడవలసిన అవసరం మాత్రం ఎంతైనా ఉంది.

బొగ్గుబావులను నమ్ముకొని ఎదిగిన ప్రాంతమిది. 1990 దశకం తొలినాళ్లలో లక్షకు పైబడి ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య నేడు 40 వేల స్థాయికి దిగివచ్చింది. మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి కార్మికవాడల్లోని పిల్లలు వేరే బతుకుదెరువు వెతుక్కోక తప్పని పరిస్థితి. డిగ్రీ, ఇంజినీరింగు పట్టాలతో సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ రైలెక్కడమే ఇప్పటివరకు వారికి తెలిసిన దారి. అలాంటి చోటికి గేమింగ్ ల్యాబు వస్తే మంచిదే. అయితే మన జిల్లాకు ఎన్ని వస్తాయన్న దానికన్నా, వచ్చిన ల్యాబులో మొదటి రోజు పిల్లల చేతికి ఏమిస్తారన్నదే ఇక్కడ ఆలోచించదగిన విషయం. కంప్యూటరు మౌస్ ఇస్తారా, సుద్దముక్క ఇస్తారా?

ప్రశ్న విచిత్రంగా తోచవచ్చు. కానీ ఆటల రూపకల్పనలో ఆరితేరినవారంతా మొదట చేసే పని కంప్యూటరు ముందు కూర్చోవడం కాదు. మనసులో మెదిలిన ఆటకు చౌకగా, త్వరగా, అందచందాల ఊసు లేకుండా ఒక ముతక నమూనా తయారు చేస్తారు. దాన్నే ప్రోటోటైప్ అంటున్నారు. ఆ నమూనాను నలుగురి చేత ఆడించి, ఎక్కడ విసుగు పుడుతోందో, ఎక్కడ తగాదా వస్తోందో గమనిస్తారు. మారుస్తారు. మళ్లీ ఆడిస్తారు. పనికిరాదని తేలితే అక్కడే వదిలేస్తారు. నెలల తరబడి శ్రమించి, లక్షలు ధారపోసి బొమ్మలు గీయించాక ఆట బాగోలేదని తెలుసుకోవడం కన్నా, అర్ధరూపాయి అట్టముక్క దగ్గరే తెలుసుకోవడం మేలు కదా. వస్తువుల విషయంలో ఈ పని కోసమే హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో టీ-వర్క్స్ ప్రారంభమైన సంగతి విదితమే. ఆటల నమూనాకు అంత పెద్ద భవనం అక్కర్లేదు. అరుగు చాలు.

గవ్వల లెక్క

అరుగు అన్న మాట ఊరికే వాడింది కాదు. నేల మీద బొగ్గుతోనో, సుద్దతోనో గళ్లు గీసి అష్టాచెమ్మా ఆడని ఇల్లు ఒకప్పుడు ఈ ప్రాంతంలో అరుదు. గవ్వలు లేనివారు చింతగింజలను ఒకవైపు అరగదీసి పందెం వేసేవారు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. కాయ ఎప్పుడు దిగాలి, ఏ గడిలో చంపకూడదు అన్న నియమాలు మాత్రం ఇంటింటికీ మారుతాయి. పండితులు దీన్ని పాఠాంతరం అంటారేమో గానీ, ఆటల రూపకర్త కంటికి ఇవన్నీ తరాల తరబడి సాగిన పరీక్షల ఫలితాలే.

ఒక్క నియమాన్ని పట్టుకొని చూద్దాం. గవ్వ వెల్లకిలా, బోర్లా పడే అవకాశాలు సమానమనుకుంటే నాలుగు గవ్వలు పడే తీర్లు మొత్తం 16. అందులో నాలుగు పడేది ఒక్క తీరులో, ఎనిమిది పడేదీ ఒక్క తీరులోనే. నాలుగో, ఎనిమిదో పడితేనే కాయ దిగాలన్న నియమం పెట్టుకుంటే ఎనిమిది పందేలకు ఒకసారి అదృష్టం పలకాలి. అలాగని ఎనిమిదో వంతుకు తప్పక పలుకుతుందని కాదు. ఎనిమిదిసార్లు వేసినా కాయ దిగకుండా కూర్చోవలసివచ్చే అవకాశం దాదాపు మూడింట ఒక వంతు. పదేళ్ల పిల్లవాడు అంతసేపు ఊరకే కూర్చోడు. లేచి పోతాడు, లేదా గవ్వలు విసిరికొడతాడు. ఒకటి పడినా దిగవచ్చునని నియమం సడలిస్తే 16 తీర్లలో ఆరు అనుకూలిస్తాయి. అప్పుడు ఎనిమిది వంతులు వృథా అయ్యే అవకాశం నూటికి రెండు మూడుకు పడిపోతుంది. ఏ ఇంట్లో ఏ అవ్వ ఈ సడలింపు ఇచ్చిందో తెలియదు గానీ, ఆమె చేసింది అచ్చంగా నేటి గేమ్ డిజైనర్ చేసే పనే. ఏడుస్తున్న మనుమడిని చూసి ఒక్క నియమం మార్చి, మళ్లీ ఆడించింది.

ఇక్కడొక మెలిక కూడా ఉంది. అరగదీసిన చింతగింజ రెండు వైపులా సమానంగా పడదు. కాగితం మీది లెక్క కొంతవరకే నిలుస్తుంది. నిజమైన గింజలతో వందసార్లు వేసి రాసుకున్నప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. గణితం ఉపాధ్యాయులకు ఇంతకన్నా మంచి సంభావ్యత పాఠం దొరకదు.

పులి-మేక ఆటదీ ఇదే తీరు. సాధారణంగా 3 పులులు, 15 మేకలు. పులి మేకను దాటి దూకితే మేక చస్తుంది. పులులకు కదిలే దారి లేకుండా మేకలు చుట్టుముడితే మేకలు గెలుస్తాయి. నేపాల్‌లో ఇదే ఆటను 25 బిందువుల పటం మీద 4 పులులు, 20 మేకలతో ఆడతారు. పటం మారితే సంఖ్యా మారింది. ఈ సంఖ్యలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. మేకలు తక్కువైతే పులికి ఎదురుండదు, ఎక్కువైతే పులి పాపం. అమెరికాకు చెందిన ప్రసిద్ధ ఆటల రూపకర్త సిడ్ మేయర్ ఒక సూత్రం పాటిస్తారు. ఏదైనా అంకె సరిగా లేదనిపిస్తే కొద్దికొద్దిగా సవరిస్తూ కాలయాపన చేయక, దాన్ని రెట్టింపు చేయడమో, సగానికి తగ్గించడమో చేసి చూడాలంటారు. తేడా ఏ దిశలో ఉందో వెంటనే తెలిసిపోతుంది. జన్నారం వైపు కవ్వాల్ పులుల అభయారణ్యం పరిధిలోని బడుల్లో మేకల సంఖ్యను ఎనిమిదికి దించి ఒకసారి, ముప్పైకి పెంచి ఒకసారి ఆడించి చూస్తే, పిల్లలకు అడవి సమతౌల్యం మీద ప్రత్యేకించి ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు.

బొమ్మలు లేకుండానే పుట్టిన ఆటలు

ప్రపంచమంతా ఆడిన టెట్రిస్ 1984లో మాస్కోలో పుట్టింది. దాన్ని రూపొందించిన అలెక్సీ పాజిత్నోవ్ వద్ద ఉన్న ఎలక్ట్రానికా 60 యంత్రానికి బొమ్మలు చూపే శక్తే లేదు. తెర మీద అక్షరాలు మాత్రమే వచ్చేవి. ఆయన బ్రాకెట్ గుర్తులను పక్కపక్కన పేర్చి ఇటుకలుగా వాడుకున్నారు. ఆట బాగుందని అక్కడే రుజువైంది. రంగులు తర్వాత వచ్చాయి. వేల కోట్ల వ్యాపారం చేసే జపాన్ సంస్థ నింటెండో సైతం 2017లో విడుదల చేసిన జెల్డా ఆటకు ముందు, పాతకాలపు చదునైన బొమ్మలతో ఒక ముతక నమూనా కట్టుకుంది. నిప్పు, గాలి, చెట్టు ఒకదానితో ఒకటి ఎలా వ్యవహరించాలో అందులోనే పరీక్షించుకుంది.

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 2005లో నలుగురు విద్యార్థులు తమకు తామే ఒక షరతు విధించుకున్నారు. ఒక్కో ఆటను ఒక్కరే, ఏడు రోజుల లోపు తయారు చేయాలి. ఒక్క సెమిస్టరులో యాభైకి పైగా ఆటలు తయారయ్యాయి. వాటిలో చాలావరకు మరుగున పడిపోయాయి. నిలిచిన వాటిలో ఒకటి 2008లో వరల్డ్ ఆఫ్ గూ పేరిట వెలువడి మంచి పేరు తెచ్చుకుంది. మన బడుల్లో ఒక్క ప్రాజెక్టు చేయించి, దానికే మార్కులు వేసి, అదే ప్రదర్శనలో పెట్టే అలవాటుకు ఇది పూర్తిగా విరుద్ధం. యాభై చేయనిచ్చి నలభై తొమ్మిది పారేయనిచ్చే ఓపిక మన పరీక్షల పద్ధతిలో ఎక్కడుంది?

హైదరాబాద్ కూడా ఈ రంగంలో వెనుకబడి లేదు. అక్కడి ఓగర్ హెడ్ స్టూడియో 2017లో పౌరాణిక ఛాయలతో తెచ్చిన అసుర, 2020లో కేంద్రం నిర్వహించిన ఆత్మనిర్భర్ యాప్ పోటీలో ఆటల విభాగంలో గెలుపొందిన హిట్‌వికెట్ క్రికెట్ ఆట ఇందుకు తార్కాణం. అయితే ఆ అవకాశాలు రాజధాని దాటి గోదావరి దాకా రాలేదన్నది చెప్పక తప్పని నిజం.

పత్రిక మొదటి పేజీ నుంచి

పత్రికలో పనిచేసేవాడిగా ఈ విలేకరికి అన్నిటికన్నా నచ్చిన కథ స్క్రాబుల్‌ది. 1930 దశకపు ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోగొట్టుకున్న ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే అమెరికా వాస్తుశిల్పి పదాలు కూర్చే ఆటకు పూనుకున్నాడు. ఏ అక్షరం ముక్కలు ఎన్ని ఉండాలో తేల్చుకోవడానికి పత్రికల పేజీలు ముందేసుకొని అక్షరాలు లెక్కపెట్టాడు. ఆంగ్లంలో బహువచనం చేసే ఎస్ అక్షరాన్ని మాత్రం కావాలనే నాలుగు ముక్కలకు కుదించాడు. లేకుంటే ప్రతి మాట చివరా అది తగిలించి సులువుగా గట్టెక్కుతారని గ్రహించాడు. ఏళ్ల తరబడి మార్పులు చేర్పులు చేశాడు. కంపెనీలు కాదన్నాయి. 1948లో గానీ అది స్క్రాబుల్ పేరుతో బజారుకు రాలేదు.

ఇదే ఆట తెలుగులో ఎందుకు కుదరదన్న ప్రశ్నతో ఈ విలేకరి ఇంటి వరండాలో కొన్ని ఆదివారాలు వీధి పిల్లలతో ఒక ప్రయత్నం జరిగింది. ఇంట్లో పేరుకుపోయిన పెండ్లి పత్రికల వెనుకవైపు చతురస్రాలు కత్తిరించి అక్షరాలు రాశాం. మొదటి ఆట పావుగంటలో కుప్పకూలింది. కారణం స్పష్టమే. తెలుగులో 36 హల్లులకు గుణింతాలు కడితేనే ఐదు వందల పైచిలుకు రూపాలవుతాయి. ఒత్తులు కలిపితే లెక్కే లేదు. చేతిలో కే, ఘౌ, ఢి ఉంటే ఎవరైనా ఏ మాట కట్టగలరు?

రెండోసారి హల్లులకు వేరుగా, గుడి, కొమ్ము, ఏత్వం వంటి గుర్తులకు వేరుగా ముక్కలు చేశాం. పెద్ద పిల్లలు ఎలాగో ఆడారు. మూడో తరగతి పిల్ల ముక్కలు చేతిలో పట్టలేక ఏడుపు మొహం పెట్టింది. అప్పుడు ఏడో తరగతి పిల్లవాడు అన్న మాట ఇది: "సారూ, గుణింతం మేమే నోటితో పెట్టుకుంటం, ముక్క మీద రాసుడెందుకు?" క, ల అన్న రెండు ముక్కలుంటే చాలు, కల, కాలు, కూలి, కీలు ఏదైనా చెప్పుకోవచ్చునన్నమాట. అచ్చులు, హల్లులు కలిపి యాభై చిల్లర అక్షరాలతో ఆట నిలబడింది. వారం రోజులు ఆలోచించినా ఈ విలేకరికి తట్టని ఉపాయం, ఆడుతున్నవాడికి అరగంటలో తట్టింది.

అంతటితో సమస్య తీరలేదు. అడ్డంగా కాలు అని చదివిన చోట ల అన్న ముక్క లు అవుతుంది. నిలువుగా అదే ముక్క పులిలో లి కావాలి. ఒకే ముక్క రెండు దిక్కులా రెండు గుణింతాలు పలకవచ్చునా? పలకవచ్చునంటే పలక నిమిషాల్లో నిండిపోయింది. కూడదంటే నాలుగు మాటలకే ఆట బిగుసుకుపోయింది. చివరకు పలకవచ్చు గానీ ఆ ముక్కకు మార్కులు రావని మధ్యేమార్గం కుదిరింది. లు అన్న ధ్వనితో మరో చిక్కు. మనకు బహువచనం చేసేది అదే. బట్స్ ఎస్ అక్షరాన్ని కుదించినట్టే మేమూ ల ముక్కలను సగానికి తగ్గించాం.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. పక్క వీధి పిల్లలకు ముక్కలు, నియమాల కాగితం ఇచ్చి మాట్లాడకుండా కూర్చున్నాం. మాట్లాడకుండా కూర్చోవడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది. వారికి మొదటి మాట పలకపై ఎక్కడ పెట్టాలో అర్థం కాలేదు. ఆ వాక్యం కాగితంలో రాయనే లేదు. మా వీధి పిల్లలకు నోటిమాటగా తెలుసు కనుక ఎవరికీ లోటు కనిపించలేదు. ఆటను కనిపెట్టినవారు పక్కన కూర్చొని వివరిస్తూ పోతే ఏ ఆటైనా బాగున్నట్టే ఉంటుంది. వారు నోరు మెదపనప్పుడే లోపాలు బయటికొస్తాయి. స్నేహితులు, బంధువులు బాగుందనే అంటారు కనుక ముఖపరిచయం లేనివారి చేత ఆడించడం తప్పనిసరి.

పరీక్ష ఒకటే.. కొలిచేది వేరు

తల్లిదండ్రుల భయాన్నీ ఇక్కడ ప్రస్తావించాలి. గేమ్ అన్న మాట వినగానే కార్మికవాడల్లో చాలామందికి గుర్తొచ్చేది ఫోనులో రమ్మీ, పందేలు, అప్పులు. రాష్ట్ర ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లోనే సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. డబ్బు పెట్టి ఆడించే ఆటలను నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది. ఈ-స్పోర్ట్స్‌ను, డబ్బుతో ప్రమేయం లేని ఆటలను మాత్రం ప్రోత్సహించదగినవిగా వేరు చేసింది.

విశ్లేషించి చూస్తే నమూనా, పరీక్ష, సవరణ అన్న పద్ధతి రెండు రకాల ఆటలకూ సమానమే. పందెపు ఆటను తయారు చేసేవారు సైతం రోజూ వేలమంది మీద పరీక్షలు చేసుకుంటారు. ఏ రంగు మీట పెడితే ఎక్కువమంది నొక్కుతున్నారు, ఎన్నిసార్లు ఓడాక చిన్న గెలుపు చూపిస్తే ఆటగాడు కట్టుబడి ఉంటాడు అన్నవే వారి కొలమానాలు. వరండాలో మేము కొలిచింది మూడో తరగతి పిల్ల లేచిపోయిందా, కూర్చుందా అని. కూర్చోబెట్టడానికే ఆట తయారు చేస్తామన్నది ఇద్దరికీ వర్తిస్తుంది కనుక, సరిహద్దు చాలా సన్నం. ఎంతసేపు ఆడారన్నది ఒక్కటే కొలిస్తే ఏ పిల్లవాడైనా తెలియకుండానే ఆ వైపు జారిపోతాడు. ఆపాలనుకున్నప్పుడు ఆపగలిగారా అన్నది కూడా రాసుకోవాలి. ల్యాబులో ఈ తేడా చెప్పే ఉపాధ్యాయుడు లేకపోతే, కొత్త యంత్రాలు ఎవరికి ఉపయోగపడతాయో ఊహించడం కష్టం కాదు.

తాళం వేసిన గది

జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో లోగడ వచ్చిన కంప్యూటర్ల గదికి ఏళ్ల తరబడి తాళం వేసి ఉండటం ఈ విలేకరి కళ్లారా చూసిందే. చెడిపోతాయన్న భయంతో పిల్లలను రానీయలేదు. రానీయకుండానే అవి చెడిపోయాయి. కొత్త ల్యాబులకు ఆ గతి పట్టకూడదంటే యంత్రాలు రాకముందే పని మొదలు కావాలి. అందుకు కావలసినవి అట్టలు, కత్తెర, సుద్ద, ఒక పాత నోటుపుస్తకం. ఆ పుస్తకంలో ఏ తేదీన ఎవరు ఆడారు, ఎక్కడ ఆగారు, ఏ నియమం మారింది అన్నవి పిల్లలే రాసుకోవాలి. రేపు కంప్యూటరు మీద ఆట కట్టినా ఆ పుస్తకమే ఆధారం. స్క్రాచ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ 2007 నుంచి అందుబాటులో ఉంది. అట్ట మీద నిలిచిన ఆటను దానిలోకి ఎక్కించడం పెద్ద శ్రమ కాదు.

ల్యాబులకు బడులను ఎంపిక చేసే వేళ గదులు, కరెంటు కనెక్షన్లు, ఇంటర్నెట్ లెక్కలు తీయడం ఆనవాయితీ. వాటితోపాటు ఆ బడిలో ఇప్పటికే పిల్లలు తయారు చేసిన ఆట ఒక్కటైనా ఉందా అని అడిగితే బాగుంటుంది. మంచిర్యాల, నస్పూర్, లక్షెట్టిపేట, చెన్నూరు ఏ చోటైనా ఇందుకు రూపాయి ఖర్చు లేదు. వేసవి సెలవుల్లో పది బడుల పిల్లలు తమ ఆటలను ఒకరికొకరు మార్చుకొని, నోరు మెదపకుండా ఒకరి ఆట మరొకరు ఆడి చూసే శిబిరం నిర్వహిస్తే, వచ్చే ల్యాబులకు తగిన పిల్లలూ, ఉపాధ్యాయులూ ఎవరో అక్కడే తేలిపోతుంది.

వరండా ఆట నాలుగో రూపంలో నడుస్తోంది. ఒత్తుల సంగతే ఇంకా తేలలేదు. గని కార్మికుడి కొడుకైన ఆ ఏడో తరగతి పిల్లవాడు బొగ్గు అని రాయాలని మొదటి రోజు నుంచి పట్టుబడుతున్నాడు. గ మీద గ పేర్చితే రెండు మార్కులన్నది అతడి నియమం. పేర్చిన పెండ్లి పత్రికల ముక్కలు ఫ్యాను గాలికి జారిపోతున్నాయి. వచ్చే ఆదివారానికి సోడా మూతలు పోగేసుకొస్తామని, వాటి మీద అక్షరాలు అతికించి చూద్దామని పిల్లలు చెప్పి వెళ్లారు.